ఆఖరి ఘడియల ఆటగాళ్లు

మిత్రులారా, అలసిన ఆటగాడి స్థానంలో బెంచీ మీది ఆటగాణ్ని ఎప్పుడు దింపాలని మొన్న ఇరానీ చాయ్ దగ్గర మొదలైన వాదన నాకింకా తెగలేదు. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలో మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు మారిషస్‌తో 0-0గా ముగించి, సిరియా చేతిలో 0-3తో ఓడింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. మన హైదరాబాద్ కోచ్ రహీం సాహెబ్ శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం వచ్చాయి మరి!

మధ్యలో బేస్‌బాల్ గోల ఎందుకంటారా? (తెల్లవారుజామునే లేచి చూస్తానని ఇంట్లోనూ సణుగుతున్నారు.) అక్కడ బంతి విసిరే పిచర్ అలసిపోతే అతని బదులు రిలీఫ్ పిచర్‌ను దింపుతారు. మైదానం వీడినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ రాడు, ఫుట్‌బాల్‌లో లాగే. ఆఖరి ఇన్నింగ్స్ అంతా బంతి వేసి, మూడు పరుగులకు మించని ఆధిక్యాన్ని కాపాడితే అతని ఖాతాలో ఒక ‘సేవ్’. అమెరికా లీగ్‌లో ఆడిన రిలీఫ్ పిచర్ మరియానో రివెరాకు అవి 652! అదీ దాదాపు ఒక్క కట్టర్ బంతినే (చివర్లో కాస్త పక్కకు తిరిగే వేగపు బంతి) నమ్ముకుని.

మనవాళ్లకు మాత్రం ఆటగాళ్ల కాళ్లు పట్టేశాకే బెంచీ గుర్తొస్తుందని నా ఫిర్యాదు. ఒప్పుకోనివారు ఆదివారం అదే బల్ల దగ్గరికి రండి. ఉస్మానియా బిస్కెట్లు నా వంతు.