నాకౌట్ కన్నా నాలుగు మ్యాచ్‌లే ఎక్కువ

సంపాదకునికి,

సంక్రాంతి వస్తే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వాలీబాల్ పోటీలకు కొదవుండదు. దాదాపు అన్నీ నాకౌటే, అంటే ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. కుప్పం కుర్రాళ్లు బండి మాట్లాడుకుని, ఎంట్రీ ఫీజు కట్టి తిరుపతి దాకా వస్తే, ముప్పావు గంటలో రెండు సెట్లు ఓడి తిరుగుదారి పట్టాల్సిందే. అడిగితే నిర్వాహకులది ఒకటే మాట: ‘లీగ్ పెడితే టైం చాలదు సార్’. నిజమే, 12 జట్లు వచ్చాయనుకుంటే, లీగ్‌లో అన్నీ ఒకదానితో ఒకటి ఆడాలి, అంటే 66 మ్యాచ్‌లు. కానీ ఉన్నవి ఆ రెండు దారులే కాదు.

12 జట్ల నాకౌట్‌కు 11 మ్యాచ్‌లు, నాలుగు బైలు (తొలి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లే అవకాశం). ఒక్క ఆటతో ఇంటికెళ్లే జట్లు నాలుగు ఖాయం, బై వచ్చినవాళ్లూ ఓడితే ఎనిమిది. అదే మూడేసి జట్లతో నాలుగు పూల్స్ (గ్రూపులు) వేసి, పూల్‌లో అందరినీ ఒకరితో ఒకరిని ఆడించి, పూల్‌కు ఒక్క జట్టునే సెమీస్‌కు తీసుకుంటే మొత్తం 15 మ్యాచ్‌లు. పెరిగేది నాలుగే, ప్రతి జట్టుకూ రెండు ఆటలు గ్యారంటీ. రెండు కోర్టులుంటే కోర్టుకు రెండు పూల్స్, ఒక పూల్ మ్యాచ్ తర్వాత రెండో పూల్ మ్యాచ్ ఆడించాలి. మూడు సెట్ల మ్యాచ్‌కు గంట వేసుకున్నా ఉదయం ఎనిమిదికి మొదలైన పూల్ మ్యాచ్‌లు మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతాయి. సెమీస్, ఫైనల్ పొద్దుండగానే ముగుస్తాయి.

మూడు జట్ల పూల్‌లో చిక్కంతా మ్యాచ్‌ల వరుసలో ఉంది. మొదటి ఆటలో గెలిచిన జట్టునే వెంటనే మూడో జట్టుతో ఆడిస్తే, అది రెండోదీ గెలిచిందంటే చివరి మ్యాచ్‌కు విలువే ఉండదు. అందుకే ఓడిన జట్టును ముందు ఆడించాలి, గెలిచిన జట్టు చివర్లో ఆడాలి. అప్పుడు చివరి ఆట దాకా పూల్ తేలదు. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు మూడేసి జట్ల గ్రూపులు అనుకున్న ఫిఫా కూడా 2023 మార్చిలో నాలుగేసి జట్లకు మారింది కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ మూడేసి జట్ల గ్రూపుల్లోంచి రెండేసి జట్లు ముందుకెళ్లేవి, ఫుట్‌బాల్‌లో డ్రాలూ ఉంటాయి కాబట్టి చివరి మ్యాచ్‌లో ఇద్దరూ కూడబలుక్కునే వీలుండేది. పూల్‌కు ఒక్కరే వెళ్లే వాలీబాల్‌లో ఆ బెడద చాలా తక్కువ.

మూడు జట్లూ తలా ఒకటి గెలిస్తేనే అసలు గొడవ. ‘ఎ’ జట్టు ‘బి’ని 2-0తో, ‘బి’ జట్టు ‘సి’ని 2-1తో, ‘సి’ జట్టు ‘ఎ’ని 2-0తో ఓడించాయనుకుందాం. గెలిచిన సెట్లను ఓడిన సెట్లతో భాగిస్తే ఎ 1, బి 0.67, సి 1.5. సెమీస్‌కు ‘సి’. అదీ సమానమైతే పాయింట్లను అలాగే భాగించాలి. టాస్ ఆఖరి మాట. ఈ వరుస కాగితం మీద రాసి, తొలి సర్వీసుకు ముందే కెప్టెన్ల సంతకాలు తీసుకోవాలి. ఆట అయ్యాక చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం తప్పూ కాదు.

ఇలా సమంగా నిలిచిన జట్లను తేల్చడానికి క్రికెట్‌లో వాడే రన్‌రేట్ (ఓవర్‌కు సగటు పరుగులు) దగ్గర నిర్వాహకులు తరచూ పొరబడతారు. పది ఓవర్ల మ్యాచ్‌లో ఏడు ఓవర్లకే 60కి ఆలౌటైతే 60ని ఏడుతో కాదు, పదితో భాగించాలి. ఏడుతో భాగిస్తే త్వరగా కుప్పకూలిన జట్టుకే లాభం.

వాలీబాల్‌కు వస్తే, ఏ జట్టు ఏ పూల్‌లోనో తేల్చే చీటీలు కెప్టెన్ల ఎదుటే తీయాలి. నిరుటి సెమీస్ జట్లు నాలుగింటినీ తలో పూల్‌లో పెట్టి, మిగతా వాటికే చీటీలు వేయాలి. ఒకే ఊరి రెండు జట్లు ఒకే పూల్‌లో పడితే చీటీ మళ్లీ తీయాలి. నిర్వాహకుల సొంత జట్టుకూ చీటీయే. నాకౌట్‌లో బై ఎప్పుడూ వాళ్లకే ఎలా తగులుతుందో మైదానంలో అందరికీ తెలుసు.

మొదటి ఆట ఓడిన జట్టు రెండో ఆట ఎగ్గొట్టి బండెక్కేస్తే ఆ పూల్ లెక్కంతా తప్పుతుంది. కాబట్టి ఎంట్రీ ఫీజుతో పాటు రూ.500 డిపాజిట్ కట్టించుకుని, రెండో మ్యాచ్ ఆడాకే తిరిగివ్వాలి.

– ఒక వాలీబాల్ రిఫరీ, తిరుపతి