నిప్పుల దగ్గరికి మళ్ళీ

ఏరా,

ప్రభువు పేరిట వందనాలు. నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోవడం. "ఏళ్ళ తరబడి అదే తప్పు ఒప్పుకుంటున్నాను. దేవుడు క్షమించాడంటే మరి నాకు నిద్రెందుకు పట్టదు?" అన్నావు. ఆ తప్పేమిటో నువ్వు రాయలేదు, నేను అడగను. నాది చెబుతాను. ఇన్నేళ్ళ స్నేహంలో నీకు కూడా చెప్పలేదు.

నాన్న పోయిన ఏడాది చెల్లి చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించాను. మూడెకరాల మాగాణిలో దాని వాటా ఎకరంన్నర. వీలునామా లేకపోతే, 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం మన క్రైస్తవుల్లో కొడుక్కెంతో కూతురికీ అంతే. నాకది తెలుసు, దానికి తెలీదు. "నీ పెళ్ళికి కట్నం ఇచ్చాం కదమ్మా" అన్నాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి, "ఎండలో తిరిగావు, టీ తాగుతావా అన్నయ్యా" అని అడిగింది. ఆ ఆదివారం గుడిలో పాట ఎత్తుకున్నది నేనే. గొంతు కొంచెం కూడా వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా అదే భయం వేస్తుంది.

రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అంటాడు కదా. అంతటివాడే అలా అన్నాడు, మనమెంత అని చాలాకాలం ఆ వాక్యం చాటున దాక్కున్నాను. కానీ పౌలు అక్కడ ఆగలేదురా. "నన్నెవడు విడిపించును" అని కేక వేశాడు. నేను వెయ్యలేదు.

ఈ మధ్య 'అమేజింగ్ గ్రేస్' పాట రాసిన జాన్ న్యూటన్ గురించి చదివాను. బానిసల ఓడలో పనిచేశాడు, తుఫాను వచ్చింది, మారుమనస్సు పొందాడు, పాట రాశాడు. ప్రసంగాల్లో మనం విన్నది ఇంతే. తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే నా గుండె జారిపోయింది. ఆ తుఫాను 1748 మార్చిలో. ఆయన బానిసల ఓడకు కెప్టెన్ అయింది 1750లో. అంటే ప్రభువుకు మొరపెట్టుకున్న తర్వాతే! 1754 దాకా మూడు ప్రయాణాలు. పైన తన గదిలో ప్రార్థన, కింద సంకెళ్ళలో మనుషులు. సముద్రం వదిలింది కూడా జబ్బు చేసి. 1764లో ఓల్నీ అనే ఊళ్ళో పాదిరి అయ్యాడు, 1773 కొత్త సంవత్సరం రోజున అక్కడి సంఘం కోసం ఆ పాట. ఆ వ్యాపారం ఘోరమని అచ్చులో చెప్పింది 1788లో. ఓడ దిగిన 34 ఏళ్ళకి! ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందని తనే రాసుకున్నాడు.

మొదట ఆయన మీద కోపం వచ్చింది. ఆ ఓడల్లో చచ్చిపోయినవాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు? పాట బాగుందని ఆ ప్రశ్నను కప్పెయ్యకూడదు, నేను కప్పను. కానీ ఆయన ముసలితనంలో పార్లమెంటు కమిటీ ముందుకెళ్ళి, ఓడ అడుగున మనుషుల్ని ఎలా కుక్కేవారో కళ్ళారా చూసినవాడిగా చెప్పాడు. మర్చిపోదామనుకున్న ఆ ఓడలోకే కృప ఆయన్ని మళ్ళీ దింపింది. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు.

పేతురు సంగతి కూడా అంతే కదా. ప్రభువును పట్టుకెళ్ళిన రాత్రి ప్రధానయాజకుడి ఇంటి ముంగిట నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలీదన్నాడు. ప్రభువు మరణం నుంచి లేచాక సముద్రతీరాన అతనికి కనబడినవి నిప్పులు, వాటి మీద చేపలు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, బొగ్గుల నిప్పు అని. కొత్త నిబంధన అంతటిలో ఆ మాట ఈ రెండు చోట్లే ఉంది. అక్కడ తిండి పెట్టి, తర్వాత మూడుసార్లు అడిగాడు, "నన్ను ప్రేమించుచున్నావా" అని. పైగా పేతురు పడకముందే, "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అని చెప్పి ఉన్నాడు. నా ఆశంతా ఆ మాట మీదేరా. మనం పడకముందే ఆయన అడిగిపెట్టాడు. నీకు నిద్ర పట్టకపోవడం ఆయన నిన్ను వదిలేశాడనడానికి గుర్తు అని నేను నమ్మను. నిప్పుల దగ్గరికి రమ్మని పిలుస్తున్నాడేమో.

దస్తావేజు లేఖరిని అడిగాను. ఇప్పుడు ఆ భూమి చెల్లి పేరన పెట్టాలంటే గిఫ్ట్ డీడ్ రాయాలట. ఆ పేరు వింటే సిగ్గేసింది. దానిది దానికిస్తూ గిఫ్ట్ ఏమిటి! అయినా రాయిస్తున్నాను. పెద్దవాడికి ఇష్టం లేదు, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మీ వదిన మాత్రం "ఇప్పటికైనా చేస్తున్నారు" అంది. ఆవిడకి ముందునుంచీ తెలుసన్నమాట.

శనివారం పొద్దున బస్సుకి చెల్లి వాళ్ళ ఊరు వెళ్తున్నాను. మొదటి మాట ఏమనాలో ఇంకా తెలీలేదు. గుమ్మంలో చూడగానే "టీ తాగుతావా అన్నయ్యా" అంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రార్థనలో నన్ను జ్ఞాపకం చేసుకో. అమ్మకీ పిల్లలకీ వందనాలు చెప్పు.

నీ
స్నేహితుడు