మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) యూనిట్‌లో మందం రీడింగు తప్పు: ఏఈసీ కాలిబ్రేషన్‌పై ఫిర్యాదు

సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: కంప్రెషన్ డ్రైవ్ (రొమ్మును నొక్కే యంత్రాంగం) మార్చాక ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ కంట్రోల్ (ఏఈసీ: ఎక్స్‌రే మోతాదును యంత్రమే ఎంచుకునే వ్యవస్థ) గాడి తప్పడం

అయ్యా,

డ్రైవ్ మార్చిన మీ ఇంజినీరు "ఏఈసీ పాస్" అని రాసిచ్చిన సర్వీస్ రిపోర్టును మేం ఒప్పుకోవడం లేదు. ఆయన 18×24 సెం.మీ. పాడిల్‌తో (రొమ్మును నొక్కే ఫలకం), 45 మి.మీ. పీఎంఎంఏ (రొమ్ముకు బదులు పరీక్షకు వాడే యాక్రిలిక్ ప్లాస్టిక్) పలకలతో మాత్రమే పరీక్షించారు. లోపం 24×30 పాడిల్‌తో బయటపడుతోంది.

60 మి.మీ. పీఎంఎంఏ ఎక్స్‌రేలను దాదాపు 75 మి.మీ. రొమ్ము అంత ఆపుతుంది. అందుకే పలకల అంచున 15 మి.మీ. స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మెలు) చేర్చి, 100 న్యూటన్ల ఒత్తిడితో నొక్కాం. తెర మీద 75 రావాల్సింది, 64 వచ్చింది. 5 మి.మీ. తేడా వరకైతే సర్దుకోవచ్చు, 11 అంటే కుదరదు. మీ ఇంజినీరు దగ్గర స్పేసర్లే లేవు.

యూనిట్ ముందుగా మందం చూసి కేవీ (ఎక్స్‌రే ట్యూబు వోల్టేజీ) ఎంచుకుంటుంది, ఆ తర్వాత ప్రీ-ఎక్స్‌పోజర్‌లో (అసలు ఎక్స్‌రేకు ముందు ఇచ్చే చిన్న ఎక్స్‌రే) డిటెక్టర్‌కు అందిన సిగ్నల్‌ను బట్టి ఎంఏఎస్ (ట్యూబు కరెంటు, సమయాల లబ్ధం) తేలుస్తుంది. మందం తక్కువ చూపడంతో 31 కేవీకి బదులు 28 పడుతోంది. ఆ లోటు పూడ్చడానికి ఎంఏఎస్ 118 నుంచి 190కి ఎగబాకింది, ఎక్స్‌పోజర్ 1.2 సెకన్ల నుంచి 1.9 సెకన్లకు సాగింది. సగటు గ్రంథి డోసు 2.0 నుంచి 2.5 మిల్లీగ్రేకు చేరింది. ఇది యూరోపియన్ పరిమితి 4.5 లోపే, సీఎన్ఆర్ (ఇమేజ్‌లో కాంట్రాస్ట్-నాయిస్ నిష్పత్తి) కూడా తగ్గలేదు. కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపించేది ఇందుకే. పలకలు కదలవు కదా! మనిషి అంతసేపు కదలకుండా ఉండలేకపోతే సూక్ష్మ కాల్సిఫికేషన్లు (చిన్న కాల్షియం చుక్కలు) మసకబారతాయి. మరీ దట్టమైన రొమ్ములో ఎంఏఎస్ గరిష్ఠ పరిమితిని తాకి ఎక్స్‌పోజర్ మధ్యలోనే ఆగిపోవచ్చు. పైగా డైకామ్ హెడర్‌లో (ఇమేజ్ ఫైలుతో పాటు నిల్వయ్యే వివరాలు) చేరే డోసును కూడా ఈ తప్పు మందంతోనే లెక్కిస్తోంది.

"మాన్యువల్ మోడ్‌లో తీయండి" అన్న మీ హెల్ప్‌లైన్ సలహా పనికిరాదు. గ్రంథి కణజాలం ఎంత ఉందో టెక్నాలజిస్టు కంటితో చూసి ఎలా చెప్పగలరు?

రెండు పాడిళ్లకూ మందం కాలిబ్రేషన్ విడివిడిగా చేయండి. 20 నుంచి 70 మి.మీ. వరకు ప్రతి మందానికీ స్పేసర్లతో కేవీ, ఎంఏఎస్, సీఎన్ఆర్, డోసు కొలిచి, ముడి ఇమేజ్‌లతో సహా ఇవ్వండి. పాత రిపోర్టు రద్దు చేసి కొత్తది రాయండి. అందాకా 24×30 పాడిల్ వాడటం ఆపేశాం. ఈ ఆగిన రోజులను సర్వీస్ కాంట్రాక్టు గడువులో కలపాలి. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే ఈ కొలతలు జతచేసి ఏఈఆర్‌బీకి (అణుశక్తి నియంత్రణ మండలి) రాస్తాం.

ఇట్లు,
రేడియాలజీ, మెడికల్ ఫిజిక్స్ విభాగాలు