గోడ మీద ఆ పచ్చ పురుగుని చంపకండి, ముందు పేరు కనుక్కోండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైన దగ్గర్నుంచీ మా బ్రాడీపేట వాట్సాప్ గ్రూపులో ఒకటే ఫోటో తిరుగుతోంది. గేటు పక్క గోడ మీద రెక్కలు పరుచుకుని కూర్చున్న పెద్ద ఆకుపచ్చ పురుగు, దాని కింద ‘విషపురుగు, కుడితే ప్రాణం పోతుంది, అందరికీ పంపండి’ అని హెచ్చరిక. ఒకరింట్లో బొద్దింకల స్ప్రే కొట్టి చంపేశారు, ఇంకొకరు టెన్షన్‌తో పిల్లల్ని సాయంత్రం వరండాలోకే రానివ్వడం లేదు. ఇలాంటివి కనిపించినప్పుడల్లా ‘వింత పురుగు కలకలం’ అని వార్తలు వస్తాయి కానీ అదేమిటో పేరు మాత్రం రాయరు, నా బాధంతా అదే.

దాని పేరు ఒలియాండర్ హాక్ మాత్. ఒలియాండర్ అంటే గన్నేరు, దాని మీద పెరుగుతుంది కాబట్టి ఆ పేరు, 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని వర్ణించి రాసిపెట్టాడు. రెక్కలు చాపితే ఇంచుమించు 10 సెంటీమీటర్లుంటుంది, ముదురు పచ్చ, లేత పచ్చ కలగలిసి మిలిటరీ వాళ్ల బట్టల్లా కనిపిస్తుంది, మధ్యలో గులాబీ, తెలుపు చారలు. కుట్టడానికి దానికి కొండి లేదు, కరవడానికి కోరల్లేవు. ఉన్నదల్లా పొడవాటి తొండం, చీకటి పడ్డాక పూల ముందు గాల్లోనే నిలబడి దాంతో తేనె తాగి వెళ్లిపోతుంది.

ఇది మన ఇంటికే ఎందుకొచ్చిందంటే, పూజకి పూలుంటాయని వాకిట్లో మనమే పెంచుకునే గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు కోసం. వాటి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. నందివర్ధనం కొమ్మలు ఉన్నట్టుండి బోసిపోయి, కింద నల్లటి గుళికల్లా రెట్ట కనిపిస్తే జాగ్రత్తగా వెతకండి, ఆ గుడ్లలోంచి వచ్చి పెరిగిన, వేలంత లావు పచ్చటి పురుగు దొరుకుతుంది, తల దగ్గర రెండు నీలి కళ్లు, తోక మీద చిన్న కొమ్ము. అవి కళ్లు కావు, పిట్టల్ని బెదిరించడానికి ఉన్న మచ్చలు. గన్నేరు ఆకు తింటే పశువులు చచ్చిపోతాయి, ఇది మాత్రం ఆ ఆకే తిని పెరిగి, చివర్లో గోధుమరంగుకి మారి నేల మీదికి దిగి ఎండుటాకుల మధ్య కోశం కట్టుకుంటుంది. ఒంటి మీద వెంట్రుకలుండవు కాబట్టి ముట్టుకున్నా దురద పుట్టదు. మునగ చెట్టుకి గుంపులుగా పట్టే బొంతపురుగుల సంగతి వేరు, వాటి వెంట్రుకలు తగిలితే దద్దుర్లొస్తాయి, వాటికి దూరంగా ఉండాల్సిందే.

మన గుంటూరులో ఇంకో భయం, ఏ రెక్కల పురుగు కనిపించినా మిర్చికో పత్తికో తెగులొచ్చిందనుకోవడం. మిర్చిని తినే పొగాకు లద్దెపురుగు తల్లి ఇందులో సగం కూడా ఉండదు, గోధుమరంగు రెక్కల మీద తెల్లటి గీతలుంటాయి, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టే రైతుని అడిగితే చూడగానే చెబుతాడు. ఈ పచ్చదానికి మిర్చి చేనుతో పనే లేదు.

మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 రకాల పైన ఉంటే మాత్‌లనే ఈ రెక్కల పురుగులు 10 వేల పైమాటే, అన్నీ ఎవరికీ గుర్తుండవు. అందుకే ఏదైనా కొత్తది కనిపిస్తే చీపురు తీయకుండా పగటి వెలుతురులో పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీయండి, పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. తేదీ, ఊరు, దగ్గర్లో ఏ మొక్కలున్నాయో రాసి పెట్టుకోండి, చాలాసార్లు ఆ మొక్కే దాని పేరు పట్టిస్తుంది. మొక్కలు, జీవుల ఫోటోలు పెట్టి పేర్లు కనుక్కునే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు చూసి చెబుతారు.

కానీ ఫోన్‌లో ఇవన్నీ వెతుక్కోలేని పెద్దవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు, వాళ్లు నమ్మేది పేపర్నే. పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, కీటక శాస్త్రవేత్తలున్నారు. పాఠకులు పంపిన ఫోటోలు వాళ్లకి చూపించి, వారానికొకటైనా పేరుతో, అది ఏం తింటుందో, హాని చేస్తుందో లేదో రాసి జిల్లా పేజీలో వేయండి. ఈ వానాకాలంలోనే మొదలుపెట్టండి, పురుగులు ఎక్కువగా ఇళ్లకొచ్చేది ఇప్పుడే.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు