గ్రాఫిక్స్ ల్యాబుల్లో డూమ్ కోడ్ చదివించండి

సంపాదకులు గారికి,

వరంగల్, కరీంనగర్ కాలేజీల గ్రాఫిక్స్ ల్యాబుల్లో గీత, వృత్తం ప్రోగ్రాములు రికార్డులో రాయించి ఆపేయకుండా, డూమ్ అనే షూటింగ్ గేమ్ సోర్స్‌కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాం) కూడా పిల్లల ముందు పెట్టాలని మా విన్నపం. 1993 డిసెంబర్ 10న ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఈ గేమ్ ఇంటెల్ వారి పాత 386 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో కూడా నడిచింది. సోర్స్‌కోడ్‌ను 1997లో బయటపెట్టారు, 1999లో జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల ఉచిత లైసెన్సు) కిందికి తెచ్చారు. స్టోర్‌రూమ్‌లో పడేసిన పాత సిస్టమ్‌లు చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

ఇడ్ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ రాసిన, తెరపై బొమ్మ గీసే భాగమే అసలు పాఠం. పరీక్షలో అయిదు మార్కులకు బట్టీపట్టే బీఎస్‌పీ ట్రీ (స్థలాన్ని రెండేసి ముక్కలుగా విడగొడుతూ పోయే అమరిక) ఇందులో పనిచేస్తూ కనిపిస్తుంది. మ్యాప్‌ను, అంటే ఆట జరిగే స్థలం పటాన్ని, ముందే ముక్కలు చేసి పెడతారు కాబట్టి ఆట నడిచేటప్పుడు దగ్గరి గోడ ముందు, దూరపు గోడ తర్వాత వస్తాయి. తెరపై గోడతో నిండిన నిలువు వరుసను మళ్లీ గీయరు. గోడలన్నీ నిట్టనిలువుగా ఉండటంతో ఒక వరుస మొత్తానికి దూరం ఒక్కటే, లెక్క ఒక్కసారి కడితే సరిపోతుంది. దశాంశాల లెక్క చేసే భాగం 386 ప్రాసెసర్ లోపల లేదు గనుక 32 బిట్లలో సగం పూర్ణాంకానికి, సగం భిన్నానికి వాడారు.

చేయించేవారు జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. అసలు డూమ్‌లాగే నడిచే ఉచిత రూపం చాక్లెట్ డూమ్‌ను కంపైల్ చేసుకోండి. గేమ్ బొమ్మలు, మ్యాప్‌లు ఉండే ఫైలు వేరుగా కావాలి. ఉచిత షేర్‌వేర్ (నమూనా) ఫైలుతో సొంత మ్యాప్ తెరుచుకోదు, అందుకు దాని బదులు ఉచితంగా దొరికే ఫ్రీడూమ్ ఫైలు పెట్టుకోవాలి. మ్యాప్‌లో మూల జరిపాక నోడ్స్ (బీఎస్‌పీ ట్రీ ముక్కలు) మళ్లీ కట్టకపోతే గోడలు మాయమవుతాయి. గోడకు టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) ఇవ్వడం మరిస్తే అక్కడ పాత దృశ్యాలే ఒకదానిపై ఒకటి అంటుకుపోతాయి. ఎత్తు, వెలుతురు వేర్వేరుగా ఉన్న గచ్చులు ఒకే చూపులో ఎక్కువైతే ప్రోగ్రాం ఆగిపోతుంది. నేల, కప్పు పలకలను నమోదు చేసుకునే పట్టికలో 128 గడులే ఉండటం అందుకు కారణం. ఆ సంఖ్య పెంచి మళ్లీ కంపైల్ చేయమంటే మెమరీ కేటాయింపు పిల్లలకు చేతికి తగులుతుంది.

మొదటి మ్యాప్‌గా ఓరుగల్లు కోట తోరణం గీయించండి. నాలుగు స్తంభాలు, పైన అడ్డదూలం సులువుగా వస్తాయి. దూలం కింద నడవాలి, దూలం మీదా నడవాలి అంటే మాత్రం రాదు. మ్యాప్‌లోని ఒక్కో గడిని సెక్టార్ అంటారు, ఒక సెక్టార్‌కు ఒకే నేల, ఒకే కప్పు.

ఇట్లు,
కంప్యూటర్ గ్రాఫిక్స్ అధ్యాపకులు,
హనుమకొండ