నాన్నా, మన కాలువలో నాచు ఇక్కడ పెంచకూడదట

నాన్నా,

ఫోన్ మధ్యలో కట్ అయిపోయింది కదా, మిగతాది రాస్తున్నా. నేను ఇంట్లో పెట్టుకున్న చేపల తొట్టి 40 లీటర్లే, గట్టు మీద మందు కలిపే డ్రమ్ములో ఐదో వంతు. నవ్వకు.

మొదట్లోనే తప్పు చేశా. కొళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ విరుగుడు మందు వేసి, మర్నాడే ఆరు చేపలు వదిలేశా, వారంలో నాలుగు పోయాయి. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఇసుకలోనూ ఫిల్టర్ స్పాంజిలోనూ కుదురుకోవడానికి నెల దాకా పడుతుందట, దుకాణం వాడు ఆ ముక్క చెప్పలేదు. ఆకివీడు చేపల చెరువుల మధ్య పెరిగినవాడికి ఇంకొకడు చెప్పాలా అంటావు, సరే.

తొట్టిలో వేసే జావా ఫెర్న్ అనే నీటి మొక్కని ఊడ్పుల్లో నారు గుచ్చినట్టు ఇసుకలో గుచ్చేశా. దాని దుంపకాడ పైకే ఉండాలట, రాయికి దారంతో కట్టేస్తే చాలు, పాతితే కుళ్లిపోతుంది. కుళ్లింది. క్రిప్టోకోరైన్ అనే ఇంకో మొక్క అయితే తెచ్చిన పది రోజులకే ఆకులన్నీ జావజావగా కరిగిపోయాయి, పీకి పారేయబోతే నీ కోడలు ఆపింది. మొన్న చూద్దును కదా, ఇసుకలోంచి గోరంత ఆకు, రాగి రంగులో, చుట్టచుట్టుకుని పైకొస్తోంది! నీళ్లు మారితే పాత ఆకులు వదిలేసి కొత్తవి వేసుకుంటుందట. మన నారు కూడా ఊడ్చాక నాలుగు రోజులు పసుపెక్కి తేరుకోదూ, అలాగే.

లైటు పన్నెండు గంటలు వేసి ఉంచితే అద్దాలన్నీ నాచు పట్టాయి, ఇప్పుడు ఏడు గంటలకు టైమర్ పెట్టా. ఒకరోజు తెల్లారకముందే లేచి చూస్తే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మొక్కలు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి అవీ పీల్చుకుంటాయిగా. నువ్వు మూడింటికి టార్చి పట్టుకుని గట్టుకు పరిగెత్తి ఇంజను వేయడం గుర్తొచ్చింది, నేనేమో ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. ఇప్పుడు నేనూ రాత్రిపూట చిన్న గాలి పంపు వేస్తున్నా.

ఇంకోటి, కాలువలో ఈత కొడుతుంటే కాళ్లకు చుట్టుకునే హైడ్రిల్లా నాచు ఉంది చూడు, అది ఇక్కడ అమెరికాలో నిషేధం. 1950లలో అక్వేరియంల కోసం ఫ్లోరిడాకు తెస్తే అక్కడి చెరువులూ కాలువలూ కమ్మేసిందట. మనకేమో దక్షిణ అమెరికా నుంచి గుర్రపుడెక్క వచ్చిపడింది. చెల్లుకు చెల్లు.

కాలువలకు నీళ్లు ఎప్పుడు కట్టేస్తున్నారు? ఆలోపు ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకున్నారా? అమ్మని ఆదివారం వీడియో కాల్‌కి ఉండమను, ఆ ఆకు చూపిస్తా.

నీ పెద్దోడు