పెడల్ స్టీల్ గిటార్ అమ్మకం: సభ్యులకు మనవి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. 18 ఏళ్లుగా నేను వాయిస్తున్న పాత షో-బడ్ కంపెనీ పెడల్ స్టీల్ గిటార్‌ను, మోకాలి నొప్పి వల్ల లీవర్లను నెట్టలేకపోతున్నందున, మన వాయిద్యకారుల్లోనే ఒకరికి అమ్మాలని నిర్ణయించుకున్నాను. ఇది అడ్డంగా ఉంచి, తీగల మీద లోహపు కడ్డీని జరుపుతూ వాయించే పది తీగల, ఈ9 (E9) శ్రుతి వాద్యం. తీగల శ్రుతి మార్చడానికి మూడు పెడళ్లు, నాలుగు మోకాలి లీవర్లు ఉన్నాయి. హవాయిన్ గిటార్ మీద కడ్డీని జరిపి తెచ్చే జారుడును ఇందులో కడ్డీ కదపకుండానే పలికించవచ్చు: మొదటి పెడల్ నొక్కితే 5, 10 తీగలు బి నుంచి సి షార్ప్‌కు, రెండోది నొక్కితే 3, 6 తీగలు జి షార్ప్ నుంచి ఏ (A) స్వరానికి పెరుగుతాయి, రెండూ కలిపితే ఈ (E) మేజర్ కార్డ్ కాస్తా ఏ (A) మేజర్ కార్డ్ అవుతుంది. ఆ మార్పు వినడం నాకు ఇప్పటికీ తనివి తీరదు.

లోపం దాచను. ఐదో తీగ పెడల్ వదిలాక పూర్తిగా దిగక, వెంట్రుకవాసి ఎక్కువ శ్రుతిలో ఆగుతోంది. గిటార్ అడుగున పట్టిన తుప్పు ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. మేపుల్ చెక్క మాత్రం ఎక్కడా పగల్లేదు.

పెట్టె, రెండు కడ్డీలు, వాల్యూమ్ పెడల్‌తో కలిపి ధర 1,60,000 రూపాయలు. అడుగున ఉన్న సన్నని రాడ్లు వంగే ప్రమాదం ఉన్నందున కొరియర్‌లో పంపలేను. దయచేసి హన్మకొండలోని మా ఇంటికి సాయంత్రం పూట వచ్చి, గంటసేపు వాయించి చూసుకొని తీసుకువెళ్లగలరు. అటకెక్కించకుండా రోజూ వాయించేవారికే ఇవ్వాలని నా కోరిక. ఆసక్తి ఉన్నవారు నాకు విడిగా సందేశం పెట్టండి.